గోదాములో ముప్పైయొక్క మంది

హార్లెంలో నూట పదహారో వీధిలో ఉన్న నా గుడ్డల కొట్టు వెనక గోదాములో ముప్పైయొక్క మంది పిల్లలు నివసిస్తున్నారని విద్యాశాఖ రికార్డులు తెలుపుతున్నాయి. గోదాము పొడవు పద్నాలుగు అడుగులు. కిటికీ ఒకటి. రికార్డు తప్పని నేననను. కింద సంతకం నాదే.

మొదలు మంచి ఉద్దేశమే. మా పేట బీద పిల్లలకు అన్ని పాఠాలూ ఫ్రెంచిలోనే చెప్పే ఉచిత ప్రభుత్వ బడి పెడతామని మిస్ వెల్డన్ గారు వచ్చారు. జనం కోరుతున్నట్టు మూడు వందల సంతకాలు కావాలన్నారు. మేమంతా ఒకప్పుడు ఫ్రెంచివాళ్ళు ఏలిన మాలి, గినీ, సెనెగల్ వాళ్ళం; మా బేరాలూ తిట్లూ సగం ఫ్రెంచిలోనే. కాగితం నా కొట్టులో పెట్టాను. మొదటి సంతకం ఎదురు దుకాణంలో జడలల్లే కదియాతుది. ఆమె ఒక తెగ, మొగుడు మరో తెగ, ఇద్దరికీ కలిసిన భాష ఫ్రెంచి. అతను వీసా రాక గినీలోనే, కోనాక్రీలో ఉండిపోయాడు. వాళ్ళ కూతురు, ఐదేళ్ళ ఫాంతా ఫోనులో ఇంగ్లీషు గలగలా మాట్లాడుతుంటే, ముక్క అర్థం కాకపోయినా "అవును తల్లీ" అంటుంటాడు.

"ఈ బడి రానీ అన్నా," అంది కదియాతు, "నా పిల్ల వాళ్ళ నాన్నతో తనివితీరా పోట్లాడుతుంది."

బడి వచ్చింది. సీట్లు లాటరీలో. మా పేటవాళ్ళకు ముందు. అందులోనూ సొంత ఇల్లు లేక, పరాయి పంచన ఇరుక్కుని బతికేవాళ్ళకు అందరికన్నా ముందు. న్యాయమైన నియమం. నియమం ఎంత న్యాయమైనదైతే దాని మీద వ్యాపారం అంత బాగా సాగుతుంది.

రెండు భాషల పిల్లలకు బుర్ర చురుకవుతుందని ఒక పత్రిక రాసింది. ఆ వారమే పార్కు అవతలి డబ్బున్నవాళ్ళ వీధులనుంచి ఒక లాయరు గారు కొట్టుకి వచ్చారు. గుడ్డ పట్టి చూస్తూ, "మీ దగ్గర చిరునామా దొరుకుతుందా?" అన్నారు.

చిరునామా అమ్మడం నేరం. ఆరు గజాల గుడ్డ కొన్నవారికి మాత్రం, వారి బిడ్డ నా గోదాములో తలదాచుకుంటున్నట్టు ఒక ఉత్తరం ఊరికే ఇచ్చాను. తర్వాత పళ్ళ డాక్టరమ్మ, ఇద్దరు బ్యాంకర్లు, ఒక నాట్యాచార్యుడు. ఎవరూ బేరమాడలేదు. "మా వాడికి దుమ్ము పడదు, కిటికీ పక్కన రాయండి" అన్నాడు ఒక తండ్రి. రాశాను.

తనిఖీ అధికారి వచ్చి గోదాము తెరిచాడు. మూటలు కనిపించాయి.

"పిల్లలేరీ?"

"బడికెళ్ళారండీ."

హాజరు నూటికి నూరు అని రాసుకుని, ఆనందంగా వెళ్ళిపోయాడు.

ముప్పైయొక్క మందికీ సీట్లు వచ్చాయి. ఫాంతాకు వెయిటింగ్ లిస్టులో అరవై నాలుగో నెంబరు. తల్లీబిడ్డలిద్దరికీ తాళంచెవితో సహా ఒక గది ఉంది కనుక నిబంధనల ప్రకారం వాళ్ళు కలిగినవాళ్ళు.

కటిక బీదలకు సేవ చేసినందుకు బడికి బహుమతి వచ్చింది. "ఒకే గదిలో ముప్పైయొక్క పసి ప్రాణాలు! ఆ చీకటిలో మనం ఒక భాషను వెలిగించాం" అన్నారు మిస్ వెల్డన్ గారు, కళ్ళు తుడుచుకుంటూ. తల్లిదండ్రులు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఆ ఉపన్యాసం పేపర్లో చదివిన అగ్నిమాపక శాఖవారు వచ్చి, గదిలో ముప్పైయొక్క మందికి మించరాదని తాఖీదు అంటించి వెళ్ళారు.

మర్నాడు కదియాతు వచ్చింది. "సాఖో అన్నా, ఆరు గజాలు కొలువు."

"పండగేమన్నా ఉందా?"

"తెలియనట్టు అడక్కు. నా పిల్లను కూడా నీ గోదాములో పడెయ్యి."

"చోటు లేదమ్మా. తాఖీదు చూడు."

ఆమె తలుపు తోసి లోపలికి చూసింది. "ఒక్క నరపురుగు లేదు కదన్నా."

"కాగితం మీద నిండిపోయింది."

"అయితే కాగితం మీదే ఒకళ్ళని బయటికి పంపు. చలికాలం కాదులే, చావరు."

పుస్తకం తెరిచాను. ముప్పై పేర్లు నా ఖాతాదారులవి. ఖాతాదారుణ్ణి తనంతట తాను కొట్టేసే వర్తకుడు ఇంకా పుట్టలేదు. ముప్పైయొకటో పేరు, న్యూజెర్సీలో పెరడున్న మేడలో పెరుగుతున్న నా మనవడిది.

"అందరూ కష్టంలో ఉన్నవాళ్ళే తల్లీ" అని పుస్తకం మూశాను.

మీకు నా మీద కోపం వస్తున్నట్టుంది. రావలసిందే. ఇంతకీ, మీ మనవడు ఏ బడిలో చదువుతున్నాడు?