పగుళ్ల పోటీ

ఆదివారం పొద్దున్నే అత్తగారి తండాకు పోయి, ఏ గోడ పగుళ్లనో ఫోటో తీసి కోటేష్ పొగరు అణచాలని బలరాం నిశ్చయించుకున్నాడు. ఇద్దరూ సారపాక కాగితం మిల్లు ఉద్యోగులే. కిందటిసారి క్లబ్బు ఫోటోల పోటీలో కోటేష్ డ్రమ్ము మీది తుప్పును దగ్గరగా తీసి మొదటి బహుమతి కొట్టేశాడు. దానికైతే బలరాం ఓర్చుకునేవాడే. కానీ భార్య సోని ఆ తుప్పు ముందు నిలబడి, "ఎర్రటి ఏరు పారినట్టే ఉంది. కోటేషన్నది మంచి కన్ను," అన్నది. పెళ్లైనప్పటి నుంచి తన కన్ను గురించి ఆమె ఒక్క మాట అనలేదు.

తండాలో ముసలి జమ్లి ఇంటి గోడ మీద పగుళ్లు కొమ్మలు చాచినట్టున్నాయి. బలరాం కొత్త డిజిటల్ కెమెరా తీశాడో లేదో, జమ్లి కొంగు సర్దుకొని పగుళ్లకు అడ్డంగా నిలబడింది. సర్కారు ఇల్లు మంజూరు కావాలంటే పాత ఇంటి ముందు నిలబడి ఫోటో దిగాలని తండాలో అందరికీ తెలుసు.

"జరుగు అత్తా. నాకు గోడ ఒక్కటే కావాలె."

"నేను లేకుంటే ఇల్లు ఎవల పేరు మీదొస్తది అల్లుడా?"

పక్కింటి దేవ్లా చూశాడు. కడుపు మండింది. "ఆమె గోడకు తీస్తివి. నా గోడ ఏం పాపం చేసింది?"

"ఇది ఇండ్లకు కాదు మామా. క్లబ్బుల పోటీకి."

"అవ్, పోటీనే. ఎవలది ఎక్కువ పాడైతే వాళ్లకే ఇల్లు."

దేవ్లా లోపలికి పోయి గడ్డపార తెచ్చాడు. తన పగులు జమ్లి పగులు కంటే చిన్నగా ఉండటం అతనికి నచ్చలేదు. రెండు పోట్లు పొడిచేసరికి గోడ మొత్తం బయటికి కూలింది. లోపల అన్నం తింటున్న అతని భార్య, కంచం పట్టుకొని అలాగే కూర్చుని వీధిలోకి చూసింది.

"ఇప్పుడు తియ్యి ఫోటో," అన్నాడు దేవ్లా.

వెంట వచ్చిన సోని మొగుడి చేతిలోంచి కెమెరా తీసుకున్నది. "గోడ కట్టినంకనే ఇంటికి పోయేది."

పొద్దుగూకేదాకా బలరాం మట్టి తొక్కాడు, గోడ పెట్టాడు, చేతులతో మెత్తాడు. తడి మట్టి మీద అతని వేళ్ల చారలు సుళ్లు తిరిగాయి. సోని వంగి వాటిని ఫోటో తీసింది. అతను పట్టించుకోలేదు.

ఈసారి పోటీలో ఆ సుళ్ల ఫోటోకు మొదటి బహుమతి సోనికి వచ్చింది. కోటేష్ ముఖం మాడ్చుకొని వాళ్లింటికొచ్చాడు. "ఆ సుళ్లు ఎక్కడ దొరికినయి చెల్లె? చూసినప్పటిసంది నాకు నిద్ర పడతలేదు."

కోటేష్ నోట ఈ మాట వినాలనే బలరాం ఎదురుచూశాడు. తీరా వింటే, తనకూ అదే బాధ.

సోనిది మంచి కన్నని అతను నలుగురిలో ఒప్పుకున్నాడు. కెమెరాను మాత్రం బీరువాలో పెట్టి, తాళంచెవి తన దగ్గరే ఉంచుకున్నాడు.