కరిచే బూట్లు

సోమవారం పదింటికి టికెట్ కలెక్టరు పోస్టుకు ఇంటర్వ్యూ. అందుకని కాజీపేట స్టేషన్లో పోర్టరుగా పనిచేసే పౌలు శనివారం పొద్దున్నే బూట్లు కొనడానికి వరంగల్ చౌరస్తాకు బయల్దేరాడు. పన్నెండేళ్లు మూటలు మోసినవాడికి దొరికిన ఒక్క అవకాశం ఇది. చెప్పులతో వెళ్తే గుమ్మంలోంచే పంపేస్తారని ఎవరో అన్నప్పటి నుంచి అతనికి కుదురు లేదు. అద్దాల బీరువాలోని జతల ధర వింటేనే కళ్లు తిరిగాయి. చివరికి మూలనున్న అట్టపెట్టెలో ముప్పై ఎనిమిది రూపాయల జత కనిపించింది. అసలు తోలు, నల్ల రంగు, నాలుగు వరసల లేసు, పాతకాలపు దొరలు తొడిగే తరహా. లోపమల్లా ఒకటే, అవి కరుస్తాయి.

ఇల్లు చేరేసరికి రెండు మడమలూ పుండ్లయ్యాయి. భార్య ఎస్తేరు కొబ్బరినూనె రాస్తూ, "మా తమ్మునికియ్యి. ఒక్క దినం తొడుక్కుంటే మెత్తబడ్తయ్" అంది. వాళ్లింట్లోనే ఉండే ఆ తమ్ముడు ఏలియాకు పనీపాటా లేదు గానీ, పాదం మాత్రం సరిగ్గా బావ కొలతే.

ఆదివారం ఏలియా వాటిని తొడుక్కుని కుంటుతూ చర్చికి వెళ్లాడు. గుమ్మం ముందు లేసులు విప్పడానికే పది నిమిషాలు పట్టింది. వచ్చినవాళ్లంతా చూశారు. ఆరాధన ముగిసేలోగా అతనికి సర్కారు నౌకరీ దొరికిందని అందరూ తేల్చేశారు. మడికొండ దావీదయితే తన కూతురు మరియమ్మను చూసుకోవడానికి తెల్లారి ఎనిమిదింటికే రమ్మన్నాడు. ఏలియా ఏ అబద్ధమూ ఆడలేదు, ఎవరూ అతన్ని ఏమీ అడగలేదు కనుక.

సోమవారం పౌలు లేచేసరికి గుమ్మంలో బూట్లు లేవు, ఏలియా పాత చెప్పులున్నాయి. వాటితోనే పెళ్లిచూపులకు వెళ్లాడని ఎస్తేరు చెప్పింది. అద్దె సైకిలెక్కి మడికొండ దాకా ఆగకుండా తొక్కాడు. దావీదు ఇంటి గడప బయట బూట్లు బుద్ధిగా కూర్చుని ఉన్నాయి. లోపలికెళ్లి సంబంధం చెడగొట్టడం ఇష్టం లేక, చప్పుడు కాకుండా తొడుక్కుని లేసులు కట్టుకోసాగాడు. నాలుగు వరసలాయె! రెండో కాలు పూర్తవకముందే దావీదు వచ్చి దొంగనుకుని చొక్కా పట్టుకున్నాడు.

"ఇడువు మామా. గాయన మా బావ. బూట్లు గాయనయే. నాకు నౌకరీ గూడ లేదు" అన్నాడు వెనకే బయటికొచ్చిన ఏలియా, తలొంచుకుని.

దావీదు నోరు తెరిచేలోగా లోపల్నుంచి మరియమ్మ అడిగింది, "గట్లయితే కుంటుడు బూట్లతోటేనా? కాలు అవిటిదనుకొని అద్దంటాన."

తర్వాతి మాటలు వినడానికి పౌలు ఆగలేదు. పదికి ఐదు నిమిషాలుండగా చెమటలు కక్కుతూ ఆఫీసు చేరాడు. తలుపు దగ్గర అటెండరు వెంకటయ్య చేయి అడ్డం పెట్టాడు.

"పెద్దసారు అస్తాండని కొత్త తివాచీ ఏసిన్రు. బూట్లు బయట ఇడిచి పో."

పౌలుకు నిజంగానే ఏడుపొచ్చింది. చిరిగిన సాక్సులోంచి బొటనవేలు తొంగిచూస్తుండగా లోపలికెళ్లాడు. అయినా అడిగినవాటికన్నిటికీ తడుముకోకుండా జవాబిచ్చాడు. అధికారి ఆ వేలిని చూసి నవ్వి, రేపే డ్యూటీలో చేరమన్నాడు. యూనిఫారం వాళ్లే ఇస్తారు, నల్ల బూట్లు మాత్రం సొంతవి, తప్పనిసరి.

ఉబ్బితబ్బిబ్బవుతూ బయటికొస్తే గుమ్మంలో బూట్లు లేవు. ఎవరివో అరిగిన రబ్బరు చెప్పులున్నాయి. వెంకటయ్య కంగారుగా గేటువైపు పరుగెత్తబోతే పౌలు ఆపి, "ఎంత దూరం నడుస్తడు, మళ్లస్తడు" అంటూ మెట్టుమీద తాపీగా కూర్చున్నాడు. మూడు రోజుల్లో మొదటిసారి అతనికి ఏ తొందరా లేదు.

బూట్లు ఇంకా మెత్తబడలేదు.