మంత్రిగారి ముందు మనిషి

"ఇకమీదట మన రోడ్ల మీద ఏ బండీ దేన్నీ గుద్దదు. ఎందుకంటే బండిలో డ్రైవరే ఉండడు" అని రవాణా మంత్రిగారు టౌన్‌హాల్లో ప్రకటించగానే చప్పట్లు మారుమోగాయి. తలుపు దగ్గర నిలబడ్డ ఆయన సొంత డ్రైవర్ కూడా కొట్టాడు. మంత్రిగారు వాక్యం ముగించగానే చప్పట్లు కొట్టడం ఆ చేతులకు ఏళ్ల తరబడి అలవాటు. ఆయన ఏమన్నారో చెవుల్లోంచి బుర్రకెక్కేలోపే అవి తమ డ్యూటీ చేసేశాయి. బుర్రకెక్కాక ఆపుదామనుకున్నాడు గాని, పక్కనే పీయేగారు చూస్తున్నారు. అందుకని మరో నాలుగు గట్టిగా కొట్టాడు.

మంత్రిగారు ఆ రోజు మంచి ఊపు మీదున్నారు. యాక్సిడెంట్లకు కారణం గుంతలు కావు, వెలగని లైట్లు కావు, మూతల్లేని మ్యాన్‌హోళ్లు అసలే కావు, కేవలం డ్రైవర్లేనని లెక్కలతో సహా నిరూపించారు. డ్రైవర్ కునుకు తీస్తాడు. డ్రైవర్ ఫోన్లో మాట్లాడతాడు. డ్రైవర్‌కి పొద్దున్నే పెళ్లాంతో గొడవవుతుంది. కెమెరాలతో, కంప్యూటర్‌తో నడిచే బండికి పెళ్లాం ఉండదు, కాబట్టి గుద్దదు. ఇంత తేలికైన సంగతి ఇన్నేళ్లుగా ఎవరికీ తట్టకుండా సరిగ్గా మంత్రిగారికే తట్టడం ప్రజల అదృష్టమని మర్నాడు పత్రికలన్నీ రాశాయి.

తిరిగి వెళ్తుంటే డ్రైవర్ కారు అద్దంలోకి చూసి, "సార్, మరి నా సంగతి?" అని అడిగాడు. మంత్రిగారు నిద్రపోతున్నారు. పీయేగారు ఫైల్లోంచి తలెత్తకుండా, "నిన్నెక్కడో ఓచోట అడ్జస్ట్ చేస్తాంలేవయ్యా" అన్నారు. వెనకటి వంటమనిషిని కూడా ఇలాగే అడ్జస్ట్ చేశారు. ఆ తర్వాత అతన్ని చూసినవాళ్లు లేరు.

ఉద్యోగం పోతే ప్రభుత్వం ఇచ్చిన క్వార్టర్ పోతుంది. క్వార్టర్ పోతే భార్యతో, సామానుతో సహా బావమరిది ఇంటికి చేరాలి. బావమరిది చెడ్డవాడేం కాదు. ఫ్లెక్సీల షాపు పెట్టుకుని, బావ పుణ్యమా అని మంత్రిగారి కటౌట్ల కాంట్రాక్టు కూడా సంపాదించుకున్నాడు. అయితే నిన్నటిదాకా తన సిఫార్సు కోసం తిరిగినవాడి ఇంట్లో చాప వేసుకోవడమంటే డ్రైవర్‌కి ప్రాణం మీదికొచ్చినట్టుంది. ఏం చేసైనా సరే క్వార్టర్ నిలబెట్టుకోవాలని అతను ఆ కారులోనే ఒట్టు పెట్టుకున్నాడు.

ట్రయల్ రన్ రోజు వచ్చింది. స్టీరింగు లేని కొత్త కారులో వెనక మంత్రిగారు, పీయేగారు. ముందు సీట్లో ఒళ్లో లాప్‌టాప్ పెట్టుకుని ప్రోగ్రామర్ అమ్మాయి. ఆమె పక్కన, ఖాళీ చేతుల్ని ఏం చేసుకోవాలో తెలియక తొడల కింద పెట్టుకుని మన డ్రైవర్. కారు కదిలింది. గుంత వస్తే పక్కకు తప్పుకుంది. తెరిచిన మ్యాన్‌హోల్ వస్తే దూరం నుంచే స్లో అయింది. రోడ్డు మధ్యలో పడుకున్న ఓ కుక్క దగ్గర ఆగి, అది లేచి ఒళ్లు విరుచుకుని వెళ్లేదాకా ఓపిగ్గా నిలబడింది. డ్రైవరే నడుపుతుంటే ఆ కుక్కను దాని ఏడు తరాలతో సహా తిట్టి ఉండేవాడు. బండి మర్యాద చూసి అతనికి కడుపు రగిలిపోయింది.

మొదటి జంక్షన్ రాగానే కారు మళ్లీ ఆగింది. ఈసారి గుంత లేదు, కుక్క లేదు. రోడ్డు పక్కన మంత్రిగారి నిలువెత్తు కటౌట్ మాత్రం ఉంది. పార్టీ నినాదం 'ముందడుగు' కాబట్టి ప్రతి జంక్షన్లోనూ మంత్రిగారు చెయ్యి ఊపుతూ, కుడికాలు దిమ్మ దాటించి రోడ్డు మీదికి చాపి ఉంటారు. ఆ కాలు ఆలోచన బావమరిదిదే.

"ఎందుకాగింది?" అన్నారు మంత్రిగారు.

"మీకోసమే సార్," అంది ప్రోగ్రామర్. "ఎదురుగా ఏది కనబడినా, ముందు అది మనిషా కాదా అని చూసుకుంటుంది. మనిషైతే, రోడ్డు మీదికి వస్తాడా అని చూసుకుంటుంది. అక్కడ మీరు ఒక అడుగు వేసేశారు. మీరు దాటేదాకా ఆగుతుంది."

మంత్రిగారు పొంగిపోయారు. ఓటర్లకన్నా ఈ బండి నయం, చూడగానే గుర్తుపట్టిందన్నారు. ఆ సంతోషంలో అందరూ కాసేపు కూర్చున్నారు. కటౌట్ మీది మంత్రిగారు నవ్వుతూనే ఉన్నారు గాని దాటలేదు. ఆయన తరఫున కారులోని మంత్రిగారు దిగి, రోడ్డు దాటి చూపించారు. బండి ఆయన దాటేదాకా ఆగి, కటౌట్ దాటడం కోసం మళ్లీ ఆగింది. వెనక ఊరు ఊరంతా హారన్లు కొడుతుంటే చివరికి డ్రైవర్ దిగి నెట్టాడు. దారిలో ఉన్న ప్రతి జంక్షన్లోనూ అతనే నెట్టాడు. అతను అంత హుషారుగా పనిచేయడం పీయేగారు అంతకుముందెప్పుడూ చూడలేదు.

మర్నాడు పీయేగారి గదిలో మీటింగ్ జరిగింది. డ్రైవర్ టీ కప్పులు అందిస్తూ అంతా విన్నాడు. కటౌట్లు తీసేద్దామని ప్రోగ్రామర్ అంటే పీయేగారు రెండు చెవులూ మూసుకున్నారు. కటౌట్ దిగిందంటే మంత్రి దిగిపోతున్నట్టే లెక్క, సాయంత్రానికల్లా కాబోయే మంత్రికి అభినందనలు మొదలవుతాయన్నారు. పోనీ, ఆ కాలైనా వెనక్కి తీయిద్దామంది ఆ అమ్మాయి. ముందడుగు పార్టీ మంత్రి కాలు వెనక్కి తీస్తే దాన్ని పార్టీ ఫిరాయింపు అంటారన్నారు. ఆఖరికి ఉపాయం కూడా పీయేగారే చెప్పారు. మంత్రిగారు మనిషి కారని బండికి నేర్పేస్తే సరి.

ప్రోగ్రామర్ నసిగింది. పీయేగారు నసగలేదు. మంత్రిగారి ఆల్బమ్‌లన్నీ తెప్పించారు. నవ్వుతున్నవి, మండిపడుతున్నవి, సభలో గురక పెడుతున్నవి, ముందు నుంచి, పక్క నుంచి, వెనక నుంచి తీసినవి అన్నీ బండికి చూపించి, ఈ ఆకారం మనిషి కాదు, ఎక్కడ కనబడినా పట్టించుకోనక్కర్లేదు అని బోధించారు. ఫైలు మీద 'మంత్రివర్యులు మామూలు మనుషుల కోవలోకి రారు' అని రాసి సంతకానికి పెట్టారు. మంత్రిగారు ఆ వాక్యం రెండుసార్లు చదువుకున్నారు. "ఈ ముక్క మా ఇంట్లో వాళ్లకి కూడా ఓ కాపీ పంపించండి" అంటూ మురిసిపోయి సంతకం పెట్టారు.

ఆ తర్వాత బండి కటౌట్ల పక్కనుంచి రయ్యిన దూసుకుపోయింది. అది చూసి వచ్చి డ్రైవర్ ఇంట్లో మంచం మీద కూలబడ్డాడు. భార్య ఏమీ అడక్కుండా గిన్నెలు పెట్టెలో సర్దడం మొదలుపెట్టింది.

ప్రారంభోత్సవం నాడు పత్రికల్లో ఫుల్ పేజీ ప్రకటన వచ్చింది. ప్రజల్లో నమ్మకం కలిగించడానికి మంత్రిగారు ప్రాణాలకు తెగించి స్వయంగా నడిరోడ్డు మీద నిలబడతారు, బండి జోరుగా వచ్చి ఆయన ముందు ఆగుతుంది. అది చదివిన ప్రోగ్రామర్ వేదిక వెనకున్న టెంట్‌లోకి రొప్పుతూ వచ్చింది.

"సార్, ఆ బండి కుక్కను చూసినా ఆగుతుంది. మంత్రిగారిని చూసి మాత్రం ఆగదు."

పీయేగారి మొహంలో కత్తివేటుకు నెత్తురుచుక్క లేదు. నేర్పింది మరిపించడానికి వారాలు పడుతుందని ఆ అమ్మాయి చెప్పింది. ప్రోగ్రాం ఆపడానికి లేదు, మంత్రిగారు అప్పుడే రోడ్డు మధ్యకెళ్లి కెమెరాల ముందు జుట్టు సర్దుకుంటున్నారు. పీయేగారు దిక్కులు చూశారు. మంచినీళ్ల సీసాలు మోసుకొస్తున్న డ్రైవర్ కనబడ్డాడు.

"ఇతను మనిషేనా?" అని అడిగారు.

"మనిషే సార్. మీరిచ్చిన ఆల్బమ్‌లలో ఈయన మొహం ఎక్కడా లేదు" అంది ప్రోగ్రామర్.

నిజమే. ఇన్నేళ్ల సర్వీసులో వందల ఫొటోల్లో పడ్డాడు గాని, అన్నింట్లోనూ కారు తలుపు పట్టుకున్న మోచెయ్యి వరకే పడ్డాడు. పీయేగారు అతని భుజం మీద చెయ్యి వేసి, వెళ్లి మంత్రిగారికి ఒక అడుగు ముందు నిలబడమన్నారు. డ్రైవర్ కదల్లేదు. "క్వార్టర్ సంగతేంటి సార్?" అన్నాడు. పోస్టు క్రియేట్ చేసైనా ఇస్తానని పీయేగారు మాట ఇచ్చారు. ఆ మాట నోట్లోంచి వచ్చాకే సీసాలు కింద పెట్టాడు.

మంత్రిగారికి ఇదేమీ తెలియదు. ఎదుట ఒకరు నిలబడడం ప్రోటోకాల్ అని చెబితే సరేనన్నారు. బండి వచ్చింది. డ్రైవర్ కళ్లు గట్టిగా మూసుకున్నాడు. తెరిచేసరికి బండి అతని పొట్టకు జానెడు దూరంలో ఆగి ఉంది, జనం ఈలలు వేస్తున్నారు. మంత్రిగారు అతన్ని పక్కకు నెట్టి బానెట్ నిమురుతూ, "చూశారా, నన్ను చూడగానే ఎలా ఆగిపోయిందో" అన్నారు.

ఇరవై నాలుగు గంటలు తిరక్కుండానే ఆర్డరు వచ్చింది. పోస్టు పేరు 'ముందు మనిషి'. క్వార్టర్ యథాతథం. భార్య పెట్టెలోంచి గిన్నెలు తీసి మళ్లీ అల్మారాలో పెట్టింది. మంత్రిగారు ఊరూరా తిరిగి ప్రాణాలకు తెగిస్తూ వచ్చారు, డ్రైవర్ ప్రతిచోటా ఆయనకు ఒక అడుగు ముందు తెగిస్తూ వచ్చాడు. బండి ప్రతిసారీ ఆగింది. కొన్నాళ్లకు అతనికి కళ్లు మూసుకోవడం కూడా మానేసేంత ధైర్యం వచ్చింది.

భార్యకు మాత్రం ఒక్క లోటు ఉండిపోయింది. "ఏమండీ, ఇంత చేస్తున్నారు, పేపర్లో ఇప్పటికీ మీ మోచెయ్యే వేస్తున్నారు" అని రోజూ సణిగేది. ఆ సణుగుడు ఆమె తమ్ముడి చెవిన పడింది. బావ రుణం తీర్చుకోవడానికి ఇంతకన్నా మంచి సమయం రాదనుకున్నాడు అతను. చెప్పాపెట్టకుండా ప్రతి జంక్షన్లోనూ కటౌట్ మార్చేశాడు. కొత్త కటౌట్‌లో మంత్రిగారు, ఆయన పక్కనే డ్రైవర్, ఇద్దరూ కుడికాళ్లు రోడ్డు మీదికి చాపి నవ్వుతున్నారు. భార్య చుట్టుపక్కల వాళ్లందరినీ వెంటేసుకుని చూసొచ్చింది. డ్రైవర్ కూడా వెళ్లి, అటుగా పనున్నట్టు నాలుగుసార్లు తిరిగాడు. అతనలా తిరుగుతుండగానే మంత్రిగారి బండి వచ్చి అతని బొమ్మ ముందు ఆగింది. దాటమన్నట్టు మర్యాదగా నిలబడింది. జీవితంలో తనకోసం ఏ బండీ ఆగి ఎరగని డ్రైవర్‌కి కళ్లు చెమర్చాయి.

వారం తిరిగేసరికి బండి జంక్షన్లలో ఆగడం మానేసింది. డ్రైవర్ దాని గురించి పెద్దగా ఆలోచించలేదు. కొత్త వంతెన మీద షో మొదలవబోతుండగా ప్రోగ్రామర్ అతన్ని పక్కకు పిలిచింది.

"బాబాయ్‌గారూ, మీరు ఇవాళ నిలబడకండి. జంక్షన్లలో ఆగుతోందని పీయేగారు గోల పెడితే మీ ఫొటోలు కూడా బండికి ఇచ్చేశాను."

డ్రైవర్ పరుగున వెళ్లి పీయేగారికి చెప్పాడు. పీయేగారు వాచీ చూసుకున్నారు.

"చూడవయ్యా, మొన్నటి సమస్య బండి ఆగడం. దాన్ని పరిష్కరించాం. ఇవాళ్టి సమస్య ఆగకపోవడం. రెండూ ఒకేసారి అంటే ఎలా? ఇవాళ్టికి సర్దుకో."

సర్దుకోకపోతే పోస్టు ఉండదన్నది ఆయన చెప్పలేదు, చెప్పనక్కర్లేదు. డ్రైవర్ వెళ్లి మంత్రిగారి ముందు నిలబడ్డాడు. వంతెన అవతలి నుంచి బండి బయల్దేరింది. ఎప్పుడూ ఇంత దగ్గరికి వచ్చేసరికి నెమ్మదించేది, ఇవాళ జోరు పెంచింది. "సార్, కాస్త పక్కకి జరుగుదాం" అన్నాడు పళ్ల మధ్యనుంచి. మంత్రిగారు కెమెరాల వైపు నవ్వుతూ, జరగడం తమ పార్టీలో లేదన్నారు. బండి ఇంకా దగ్గరికి వచ్చింది. క్వార్టర్ ఒక్క క్షణం అతని కళ్లముందు మెదిలింది. ఆ తర్వాత అతను రెయిలింగ్ వైపు ఒక్క గెంతు గెంతాడు.

అదే సమయానికి ఎవరిదో కుక్క జనం కాళ్లసందుల్లోంచి దూరి రోడ్డు మధ్యకొచ్చి, మంత్రిగారి ముందు కూర్చుని చెవి గోక్కోవడం మొదలుపెట్టింది. బండి కీచుమంటూ ఆగింది. జనం చప్పట్లు కొట్టారు. మంత్రిగారు ఆ కుక్క మీదుగా వంగి బానెట్ నిమిరారు. పీయేగారు మాత్రం బానెట్ వంక చూడలేదు, కుక్క వంకే చూస్తూ ఉండిపోయారు.

మర్నాడు 'ముందు మనిషి' పోస్టులో కుక్కను నియమిస్తూ ఆర్డరు వెలువడింది. పోస్టు పేరులో 'మనిషి' అని ఉంది కదా అని ఆర్థిక శాఖ చిన్న అభ్యంతరం లేవదీసింది. బండి లెక్క ప్రకారం కుక్క ఆగదగిన ప్రాణి అనీ, డ్రైవర్ కాదనీ ప్రోగ్రామర్ చేత సర్టిఫికెట్ రాయించి జతచేశారు. క్వార్టర్ పోస్టుకు అనుబంధం కాబట్టి కుక్కకు వెళ్లింది. డ్రైవర్‌ని అడ్జస్ట్ చేశారు. రోజూ రెండు పూటలా తన పాత క్వార్టర్‌కి వెళ్లి, తలుపు తట్టి, కుక్కకు పాలు పోసి రావడం అతని కొత్త డ్యూటీ.

ఇప్పుడతను బావమరిది ఇంట్లో వెనక గదిలో, ఫ్లెక్సీ చుట్టల మధ్య కాపురముంటున్నాడు. నిన్న సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చి చెప్పులు విప్పుతుంటే బావమరిది ఎదురొచ్చాడు.

"బావా, సార్ పక్కన ఆ కుక్కని కూడా పెట్టి కొత్త కటౌట్లు వేయమని పార్టీవాళ్లు అడుగుతున్నారు. దాని ఫొటో ఉందా నీ దగ్గర?"

డ్రైవర్ గోడకు చేరగిలబడి, ఫోన్ తీసి, ఉన్నవాటిలో మొహం బాగా పడిన ఫొటో వెతికి వెతికి అతని చేతికిచ్చాడు.

"కొంచెం పెద్దదే వెయ్యి" అన్నాడు.