ఆసుల జతకు ముగ్గురే ముద్దు

మాట ఇచ్చి రాని స్నేహితుడంత ఉపకారి ఈ లోకంలో మరొకడు లేడు. తొందరపడి నవ్వకండి. నా దగ్గర రుజువుంది. పేకముక్కలతో సహా చూపిస్తాను.

ప్రతి ఆదివారం మధ్యాహ్నం మా ముందుగదిలో పోకర్ ఆడతాం. ఒకప్పుడు ఎనిమిది మందిమి ఆడేవాళ్ళం. ఎనిమిది కుర్చీలు పట్టే పొడుగాటి బల్ల, దాని మీద ఆకుపచ్చ గుడ్డ, పందేనికి మా దర్జీ తెచ్చిన గుండీలు. చొక్కా గుండీ అంటే చిన్న పందెం, కోటు గుండీ అంటే పెద్ద పందెం. డబ్బు ఊసే లేదు.

ఇప్పుడో? ఆదివారం తెల్లారగానే ఫోన్ టింగుమంటుంది. దర్జీకి అర్జెంటు ఆర్డరు. ఫొటోగ్రాఫర్‌కి పంటి నొప్పి. మా బావమరిదికి ‘చిన్న పని’, అదేమిటో వాళ్ళావిడకి కూడా తెలియదు. ప్రతి మెసేజీ చివరా ఒక ఏడుపు బొమ్మ, దాని పక్కనే పొరపాటున ఒక నవ్వు బొమ్మ.

మీరైతే బాధపడతారు. నేను ఫోన్‌కి దండం పెడతాను. ఎందుకో వినండి.

పోకర్‌లో ఎవరి చేతిలో వాళ్ళకి రెండు ముక్కలు మూసి ఉంటాయి. బల్ల మీద తెరిచే ఐదు ముక్కలూ అందరివీ. అన్నీ కలిపి ఎవరి కూర్పు గొప్పదైతే వాళ్ళు గెలిచినట్టు. ఒకే రకం రెండు ముక్కలు పడితే జత, జతల్లోకెల్లా గొప్పది ఆసుల జత. కానీ ఎంత గొప్ప జతైనా దాని పైన మెట్లు చాలా ఉన్నాయి. రెండు జతలు, ఒకే రకం మూడు ముక్కలు, వరస, ఇంకా బోలెడు. ఎనిమిది మంది ఆడుతుంటే ఆ మెట్ల మీద ఎవడో ఒకడు కూర్చునే ఉంటాడు.

మంది ఎక్కువైతే మజ్జిగ పల్చన అన్నారు. ఆసుల జతా అంతే. నిండు బల్ల రోజుల్లో నాకు ఆసులు పడితే సంతోషానికి బదులు భయం వేసేది. ఫొటోగ్రాఫర్ మూడూ ఐదూ లాంటి దిక్కుమాలిన ముక్కలు పట్టుకుని, ‘చూద్దాం ఏమవుతుందో’ అని కూర్చుని, ఆఖరి ముక్కకి వరస కట్టేవాడు. కట్టి సారీ చెప్పేవాడు. ఓటమి కంటే ఆ సారీ ఎక్కువ మండేది.

అదే ముగ్గురే ఉన్నారనుకోండి. ఏ చెట్టూ లేని చోట ఆముదం చెట్టే మహావృక్షం! తొమ్మిదుల జత కూడా కాలు మీద కాలు వేసుకుంటుంది. ఎదుటివాడి చేతిలో చాలాసార్లు ఏమీ ఉండదు, ఉన్నట్టు నటిస్తాడంతే. కాబట్టి మనుషులు తక్కువైన ఆటలో మంచి జత పడితే బెదరకూడదు, పందెం పెంచాలి, చచ్చినా వదలకూడదు. ఇది నా సిద్ధాంతం.

పేకాటలోనే కాదు, ఎక్కడైనా చూడండి. ఆఫీసులో పదిమంది ఉన్నప్పుడు నా సలహా ఎవరికీ అక్కర్లేదు. ఏడుగురిని ఇంటికి పంపాక నేను సీనియర్ నిపుణుణ్ణి. మా వీధి సంఘం మీటింగుకి ఇద్దరమే వెళ్ళిన రోజు నన్ను ఏకగ్రీవంగా అధ్యక్షుణ్ణి చేశారు. ఆ రెండో మనిషి వాచ్‌మన్, తలుపులు వేయడానికి వచ్చాడు. జనం తగ్గేకొద్దీ ప్రతిభ పెరుగుతుందని ఇంకా వేరే చెప్పాలా?

ఈ సిద్ధాంతాన్ని ఒప్పుకోని మనిషి ఒక్కరే ఉన్నారు, మా ఆవిడ. ఆవిడ ఇళ్ళ ప్లాన్లు గీస్తుంది. పెద్ద పెద్ద కాగితాలు మంచం మీద పరిచి, వంగి గీసి, లేచేటప్పుడు నడుం పట్టుకుంటుంది. బల్ల మాత్రం ఆదివారం కోసం వారమంతా ఆకుపచ్చ గుడ్డ కప్పుకుని పడుకుంటుంది.

“ముగ్గురు కూడా పోగవని ఆటకి ఇంత బల్ల ఎందుకండీ?” అంది ఒకరోజు. “ఈ ఆదివారం ముగ్గురు కూర్చోకపోతే ఇది నా గదిలోకి వెళ్తుంది.”

బల్ల పోతే ఆట పోతుంది. ఆట పోతే, రాలేమనే ఆ మెసేజీలు కూడా ఇక రావు.

ఆ ఆదివారం వచ్చింది మా ఆటగాళ్ళలో పళ్ళ డాక్టరు ఒక్కడే. మేమిద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకుంటుంటే మా ఆవిడ టీ కప్పులు బల్ల మీద పెట్టి మూడో కుర్చీ లాక్కుంది.

“మూడో మనిషిని నేనున్నాగా. పంచండి.”

“నీకు ఆట వచ్చా?”

“ఇన్నేళ్ళూ మీ అందరి వెనకా నిలబడి టీ ఇచ్చాను. ఆ మాత్రం రాదా?”

కూర్చుందన్న మాటే గానీ, వచ్చిన ముక్కలు వచ్చినట్టు పడేస్తూ పెన్సిలు చెక్కుకుంది. ఈలోగా నా గుండీల్లో సగం డాక్టరు వైపు వెళ్ళాయి. అప్పుడు పడ్డాయి నాకు, ఇస్పేటు ఆసు, డైమన్ ఆసు. ఆడేది ముగ్గురమే. సిద్ధాంతం వచ్చి నా భుజం తట్టింది.

బల్ల మీద రాజు, తొమ్మిది, నాలుగు తెరుచుకున్నాయి. నేను ఒక కోటు గుండీ తోశాను. మా ఆవిడ రెండు తోసింది. డాక్టరు ఆవిడ మొహం చూసి, “నేను లేనండీ,” అని ముక్కలు పడేశాడు. మిగిలిన రెండు ముక్కలూ ఎవరికీ కొరగానివి పడ్డాయి. ఆవిడ తన గుండీలన్నీ ముందుకు నెట్టింది. నా దగ్గర అన్ని లేవు.

“చాలకపోతే బల్ల పెట్టండి,” అంది.

నా సిద్ధాంతానికి ఒక చిన్న మినహాయింపు ఉంది. అప్పటిదాకా నోరెత్తని మనిషి ఉన్నట్టుండి పందెం పెంచితే, ఆసుల జతైనా సరే, మారు మాట్లాడకుండా పడేయాలి. ఈ మినహాయింపు నాకు మర్నాడు పొద్దున పళ్ళు తోముకుంటుంటే తట్టింది. ఆ పూట మాత్రం బల్ల పెట్టాను.

ఆవిడ చేతిలో రెండు నాలుగులున్నాయి. బల్ల మీదదానితో కలిపి మూడు.

“నా దగ్గర పెద్ద జతుందని తెలిసి కూడా ఎలా పెంచావు?” అన్నాను.

“తెలిసే పెంచాను. మీకు పెద్ద జత పడితే టీ చల్లారిపోతుంది. వదలరు కూడా.”

నా కప్పు చూసుకున్నాను. మీగడ కట్టి ఉంది. బల్లని లోపలి గదిలోకి మోయడానికి ఒక కొస నేనే పట్టుకున్నాను, రెండో కొస డాక్టరు పట్టాడు.

ఆట అక్కడితో సరి అనుకున్నాను. కానీ పళ్ళ డాక్టరు నోట్లో నువ్వుగింజ నానదు. పైగా ఆయన ముందు కూర్చున్నవాళ్ళు నోరు తెరుచుకుని వినాల్సిందే, మధ్యలో లేచిపోయే వీలు లేదు. ఆసులు పట్టుకుని పెళ్ళానికి బల్ల ఓడిపోయినవాడి కథ ఊరంతా చుట్టేసింది.

మరుసటి ఆదివారం ఫోన్ టింగుమనలేదు. తలుపు చప్పుడైంది. దర్జీ అర్జెంటు ఆర్డరు వదిలేసి వచ్చాడు. ఫొటోగ్రాఫర్ పంటి నొప్పి ఎవరూ చూడకుండానే తగ్గింది. మా బావమరిది అందరికంటే ముందొచ్చి, “అక్కా, ఆ మూడు నాలుగులూ ఎలా ఆడావో ఓసారి చెప్పు,” అన్నాడు. నా వైపు తిరిగి, “అయ్యో బావా,” అని నవ్వు ఆపుకున్నాడు.

ఆవిడ కాగితాలు చుట్టి పక్కన పెట్టి, ఒక్క ఆదివారాలకి మాత్రం బల్ల ఇస్తానంది. టీ పెట్టడం నా పని. ఏడుగురు స్నేహితులు, ఆవిడ, ఎనిమిది కుర్చీలూ నిండాయి. నేను వెనక నిలబడి టీ అందిస్తుంటే ఆవిడకి ఆసుల జత పడింది. ఇద్దరు వరసగా పందెం పెంచారు. ఆవిడ వేడి వేడి టీ ఒక గుక్క తాగి, ఆ జతని పడేసింది. మజ్జిగ సంగతి ఆవిడకి ఎవరూ చెప్పలేదు.

ఇంతకీ నా బాధ బల్ల గురించి కాదు. ఇన్నేళ్ళూ రండి రండి అని మెసేజీలు పెట్టాను, బిస్కెట్లు ఆశ చూపించాను, నిజం చెప్పాలంటే బతిమాలాను. ఒక్కడూ కదల్లేదు. నా పరువు పోయిందని తెలియగానే ఏడుగురూ గుమ్మంలో ఉన్నారు! ఒళ్ళు మండింది. అయినా ఆ గోల విని చాలా రోజులైంది, టీ వడపోస్తూ వింటే బాగానే ఉంది.

మీ ఇంటికీ ఎవరూ రావడం లేదా? కబురు పెట్టకండి, దండగ. మంచి జత ఒకటి చూసుకుని, నోరు ఆగని మనిషి ఎదురుగా ఓడిపోండి. నా మట్టుకు నేను తొమ్మిదో మనిషిగా కూర్చోవడానికి ఒక స్టూలు కొన్నాను. బల్ల ఎలాగూ పోయింది. పందేనికి సోఫా ఇంకా ఉంది.