పన్నెండు రేవుల జెల్ల

చిల్వా సరస్సులో జెల్లచేపలు ఏయే జాతులవి, ఎక్కడెక్కడ, ఎన్నెన్ని ఉన్నాయో ఒక్కరోజులో లెక్క తేల్చి జాతికి అంకితం చేస్తామని సరస్సుల సమృద్ధి శాఖామాత్యులు మతెవేరే గారు ప్రకటించారు. చేపలు లేవని తేలితే రేవుల్లో ఇంటింటికీ బస్తా మొక్కజొన్న ఇస్తామన్నారు. అంతటి దయామయుడాయన.

ఈ మాట విని అందరికంటే ఎక్కువ సంతోషించినవాడు జాలరి బ్వనాలి. సరస్సు సగానికి ఎండింది. నెల్లాళ్లుగా అతని వలలో నాచు తప్ప పడింది లేదు. ఇంట్లో నలుగురు పిల్లలు మొక్కజొన్న పిండితో వండే న్సిమా ముద్ద కోసం ఎదురుచూస్తున్నారు. సర్వేకి వల లాగడానికి తనే ముందుకొచ్చాడు.

దరిద్రం చూడండి, మొదటి రేవులోనే మోచేతంత జెల్ల పడింది. అధికారి చిలోంబో కళ్లద్దాలు సవరించుకుని "ఒకటి" అని రాసుకుని, దాన్ని జీపులో వేయించాడు. రెండో రేవులో ఏమీ పడలేదు. బ్వనాలి ప్రాణం లేచొచ్చింది.

మంత్రిగారికి ఫోన్ వెళ్లింది. సున్నా అనే అంకె తమ ప్రభుత్వ విధానాల్లోనే లేదని ఆయన సెలవిచ్చారు.

జెల్ల మొండిఘటం. తడిగోనెలో చుడితే నీళ్లు లేకపోయినా రోజంతా బతుకుతుంది. ఇక ఆ రెండో రేవు మొదలుకొని ప్రతి రేవులోనూ బ్వనాలి దాన్ని వలలో వేసి, నీళ్లలో ముంచి లాగాలి. చిలోంబో "ఒకటి" అని రాయాలి. ఇద్దరూ చెమటోడ్చి పనిచేశారు. తొమ్మిదో రేవుకొచ్చేసరికి దాని ఒంటికి బురద పట్టి రంగు మారడంతో కొత్త జాతిగా గుర్తించి, మంత్రిగారి పేరు పెట్టారు.

"అయ్యా, ఇది పొద్దుటి చేపే కదా" అన్నాడు బ్వనాలి, ఉండబట్టలేక.

"నువ్వు వల లాగు. సైన్సు నేను చూసుకుంటా."

మర్నాడు సభలో నివేదిక చదివారు. పన్నెండు రేవుల్లోనూ జెల్లలు సమానంగా విస్తరించి ఉన్నాయట. సరస్సు వైశాల్యాన్ని వల వెడల్పుతో భాగిస్తే మూడు లక్షలు తేలాయట. జనం చప్పట్లు కొట్టారు. మొక్కజొన్న లారీలు వచ్చిన దారినే వెళ్లిపోయాయి.

బ్వనాలికి కడుపు మండిపోయింది. వేదిక పక్కన తొట్టిలో జెల్ల ఇంకా మీసాలాడిస్తోంది. జనాన్ని తోసుకుంటూ మంత్రిగారి ముందుకెళ్లి, మోకాళ్లు వంచి, మర్యాదగా అరచేతులు మెల్లగా తట్టాడు.

"మొక్కజొన్న పోతే పోయింది, పెద్దయ్యా. నేను పట్టిన చేప, అదైనా ఇప్పించండి. పిల్లలకి వండిపెట్టుకుంటా."

మంత్రిగారు జాలిగా అతని భుజం తట్టారు.

"ఆశకి అంతుండాలయ్యా. సరస్సులో ఉన్న చేపలన్నీ నీ ఒక్కడికే ఇచ్చేస్తే, మిగతా పదకొండు రేవుల జనం ఏం తినాలి?"