జన్మకి ఊడని బోల్టులు

ఆదివారం పొద్దున. మంచు ఇంకా విడవలేదు. డ్రాయింగు మాస్టారు వాకిట్లో నిలబడి తన పాత కారును చూస్తూ కలగంటున్నాడు. కలలో ఆ కారు నీటి మీద పడవలా చప్పుడు లేకుండా సాగిపోతోంది. మెలకువలో మాత్రం అది వీధి దద్దరిల్లేలా అరుస్తుంది. ఇంజనుకు పొగగొట్టం అతికే చోట సందు మూసే గాస్కెట్ కాలిపోయింది, బోల్టులు వదులయ్యాయి.

భార్య ఆస్పత్రిలో నర్సు. తెల్లవారకముందే ఆమెను డ్యూటీ దగ్గర దింపాలి. పై వాటాలో ఉండే ఇంటి యజమాని బస్సు డిపో అధికారి. ఆయన రోజూ ఆ మోతకే లేచి, కిటికీలోంచి తిట్ల దండకం అందుకుంటాడు. నిన్న ఆ దండకానికి ముక్తాయింపు కూడా ఇచ్చాడు.

"సోమవారం పొద్దున ఆ మోత వినిపించిందా, ఇల్లు ఖాళీ చెయ్యాల్సిందే!"

బొమ్మలు వేసుకోవడానికి ఇంత వెలుతురున్న ఇల్లు మళ్లీ దొరకదు. మాస్టారికి బెంగ పట్టుకుంది. కొత్త గాస్కెట్ కోసం కొట్టుకు పరుగెత్తాడు.

"వేడి తగిలే చోటికా, తగలని చోటికా?" అనడిగాడు స్పేర్‌పార్టుల కొట్టాయన. మాస్టారు అప్పటికే మేఘాల్లో ఉన్నాడు. గాస్కెట్లు కత్తిరించుకునే కాగితం ఒకటి, వానకు ముందు ఆకాశంలా లేత నీలంగా, గోడకు వేలాడుతోంది.

"అదివ్వండి. బోల్టులు ఆ మెరిసేవి."

ఇంటికొచ్చి, పాత గాస్కెట్ కొలత పెట్టి, నీలం కాగితాన్ని కత్తెరతో ముచ్చటగా కత్తిరించాడు.

"ఏమండీ, అది కాగితం కదా, కాలిపోదూ?" అంది భార్య.

"ఇంజన్లకు వాడే కాగితమేనోయ్!"

అదీ నిజమే. కాకపోతే ఇంజనులో చల్లగా ఉండే చోటికి. బిగించి కారు స్టార్టు చేశాడు. చప్పుడు లేదు! మాస్టారు కళ్లు మూసుకుని పడవెక్కేశాడు. అంతలో గుప్పుమని పొగ.

"నిప్పో! నిప్పు!" అంటూ యజమాని పైనుంచి రేకు బకెట్టుతో నీళ్లు కుమ్మరించాడు; బకెట్టూ చేజారి మాస్టారి నెత్తిన టోపీలా కూర్చుంది. కాలుతున్న ఇనుము మీద చన్నీళ్లు పడేసరికి మెరిసే బోల్టొకటి ఠప్పున విరిగింది. కారు మునుపటికి రెట్టింపు బొబ్బపెట్టింది. ఎదురింటివాళ్లు ఫైరింజనుకు ఫోను చేశారు. అది గంట కొట్టుకుంటూ వచ్చేసరికి, నెత్తిన బకెట్టుతో, చేతిలో నీలం ముక్కతో, తడిసి ముద్దయిన మాస్టారొక్కడే కనిపించాడు.

"రేపు పొద్దున! గుర్తుందిగా?" అన్నాడు పైనుంచి యజమాని.

ఈసారి కొట్టుకు భార్య బయల్దేరింది.

"అన్నా, అందం అక్కర్లేదు. వేడికి ఆగాలి, జన్మకి ఊడకూడదు."

"అలా అడగాలమ్మా! స్టెయిన్‌లెస్ బోల్టులు, పొరలు పొరల స్టీలు గాస్కెట్, కింద బోల్టులు వదులు కాకుండా లాక్ వాషర్లు. ఇంజను ఒకసారి వేడెక్కి చల్లారాక మళ్లీ బిగిద్దాం. తర్వాత నేనొచ్చినా ఊడదీయలేను."

కొట్టాయనే వచ్చి విరిగిన ముక్క తీసి, సాయంత్రానికల్లా అన్నీ బిగించి వెళ్లాడు.

సోమవారం మంచులో కారు నిజంగానే పడవలా సాగింది. తను మేలుకున్నాడో, నిద్రలోనే ఉన్నాడో మాస్టారికి తెలియలేదు. భార్య పక్కనే కునికిపాట్లు పడుతోంది. పై కిటికీ తెరుచుకోలేదు. ఇల్లు దక్కిందన్న సంతోషంతో ఆయన కళ్లు చెమర్చాయి.

ఆమెను దింపి తిరిగొచ్చి, మధ్యాహ్నం బడికి కుంచెలు సర్దుకుంటుంటే, యజమాని చొక్కా గుండీలు ఎగుడుదిగుడుగా పెట్టుకుని మెట్లు దిగొచ్చాడు.

"మాస్టారూ! ఎందుకు చప్పుడు చెయ్యలేదు?"

"మీరే కదండీ వద్దన్నది..."

"మీరొచ్చినప్పటినుంచీ నేను అలారం పెట్టి ఎరగను! మిమ్మల్ని తిట్టడానికే లేచేవాణ్ణి. ఇవాళ తిట్టడానికేం లేక హాయిగా పడుకున్నాను. కలలో పడవ కూడా ఎక్కాను. అక్కడ డిపోలో మొదటి బస్సు నా సంతకం లేక గేటు దాటలేదు. రేపు ఆ మోత రావాలి. రాలేదో, ఇల్లు ఖాళీ!"

మాస్టారు స్పానరు తీసుకుని కారు మీద పడ్డాడు. తిప్పాడు, వేలాడాడు, వెల్లకిలా పడ్డాడు. బోల్టు ఉలకలేదు, పలకలేదు. కొట్టాయనకు ఫోను చేశాడు.

"ఊడకూడదని అడిగింది అమ్మగారే కదండీ!" అన్నాడాయన.

మర్నాడు చీకటితోనే మాస్టారు యజమాని బకెట్టును కిటికీ కింద బోర్లించి, స్పానరుతో మోత మోగించాడు. పైన కిటికీ తెరుచుకుని, తిట్ల దండకం మొదలయ్యాక, తృప్తిగా స్పానరు జేబులో పెట్టుకుని, చప్పుడు కాకుండా కారు తీశాడు.

ఆ తర్వాత బకెట్టుకు రెండుసార్లు అతుకు వేయించాల్సి వచ్చింది కానీ, బోల్టులు మాత్రం చెక్కుచెదరలేదు.