పెళ్లిరోజు రివాల్వర్

వెర్లిన్ స్టకీకి మందు కూరి కాల్చే పాతకాలపు రివాల్వర్ రెండోదాని మీద మనసైంది. ఒకటుండగా ఇంకోటెందుకని భార్య ఓనీటా నిలదీస్తుంది. అందుకని పెళ్లిరోజు కానుకంటూ ఆవిడకే ఇచ్చాడు. ‘నాకెందుకయ్యా ఈ తద్దినం, నువ్వే ఉంచుకో’ అంటుందని ఆయన ఎత్తు.

ఆ ఏడు ఓనీటా అడిగింది చెల్లెలి ఊరికి ప్రయాణం. పెట్టె మూత తీసి చాలాసేపు చూసింది.

“బావుంది. శనివారం నేనూ వస్తా.”

వెర్లిన్‌ ఎత్తు తిరగబడింది. మిస్సోరీ మొత్తం మీద ఆవిడ గొంతు వినపడని చోటు ఆ షూటింగ్ రేంజ్ ఒక్కటే. శనివారం అక్కడ గడపబట్టే మిగతా రోజులు కాపురం చేయగలుగుతున్నాడు. అదీ పోతే ఇక ఆయనకు మిగిలేదేమిటి?

“అక్కడంతా పొగే. కుళ్లిన గుడ్ల కంపు.”

“నీ చొక్కాలు ఉతికేది నేనేగా. నాకు కొత్తా?”

సరే, ఒక్క పూటలో విరక్తి పుట్టిద్దామని వెర్లిన్ నడుం కట్టాడు. పొగ మొహాన కొట్టేవైపు ఆవిణ్ని నిలబెట్టాడు. ఆవిడ రివాల్వర్ చక్రంలోని గదులన్నిట్లో మందు దండిగా పోసి, పైన సీసపు గుండ్లు దిగేశాడు.

“కాల్చు.”

“ఆగు.” ఓనీటా సంచిలోంచి పందికొవ్వు డబ్బా తీసింది. “గుండ్ల మీద కొవ్వు పూడిస్తేనే ఒక గది నిప్పు పక్కగదికి అంటుకోదన్నావుగా. ముప్పై ఏళ్లుగా అన్నం తిననివ్వకుండా చెప్పింది ఇదేగా నువ్వు.”

ఆమె విన్నదని ఆయనకు ఇవాళే తెలిసింది.

ఒకదాని వెంట ఒకటి గదులన్నీ ఢామ్మన్నాయి. పొగలోంచి కేక వస్తుందని కాచుక్కూచున్న వెర్లిన్‌కు నవ్వు వినపడింది. ఆ నవ్వు విని ఎన్నేళ్లయిందో గుర్తు చేసుకోబోయి మానేశాడు. గురి అట్ట మీద గుండ్లన్నీ నల్లచుక్క చుట్టూనే పడ్డాయి. పక్కవాళ్లు చప్పట్లు కొట్టారు.

ఆయనకు ఒళ్లు మండింది. తన రివాల్వర్ గబగబా దట్టించి పేల్చాడు. మీట నొక్కింది ఒకసారి, పేలినవి మూడు గదులు. టోపీ ఎగిరిపోయింది. అదృష్టం బాగుండి చెయ్యి మిగిలింది. పరువు మాత్రం మిగల్లేదు.

రేంజ్ పెత్తనం చూసే హోయ్ట్ పరుగెత్తుకొచ్చాడు.

“కొవ్వు పెట్టలేదా బాబాయ్?”

“మర్చిపోయా.”

“అయితే కొత్తవాళ్ల క్లాసులో కూర్చో. అది మళ్లీ వసంతంలోనే. అప్పటిదాకా ఇటు రాకు.”

వెర్లిన్ టోపీ దులుపుకున్నాడు. “పద, పోదాం,” అన్నాడు భార్యతో.

“నువ్వెళ్లు. పక్కవాళ్లు నన్ను దింపుతార్లే. ప్రతి శనివారం రమ్మన్నారు కూడా.”

“నేనొచ్చి కారులో కూర్చుంటాలే.”

“వద్దు.” ఓనీటా తాపీగా కొవ్వు పూడుస్తోంది. “ఇన్నేళ్లూ ఈ చోటు నీకంత హాయిగా ఎందుకుందో ఇందాకే తెలిసింది. నేను లేకపోబట్టేగా? ఇప్పుడు ఆ హాయి నాక్కావాలి.”

కాదందామని వెర్లిన్ నోరు తెరిచాడు. ఆవిడ జవాబు కోసం ఆగలేదు. చప్పుడు వినపడకుండా చెవులకు కప్పులు తగిలించుకుని గురి చూసుకుంది.